గాయం మానేదాకా ఎవరు పోషించాలి?

2017లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ కుడి భుజం జారింది. శస్త్రచికిత్స తప్పలేదు. అప్పటికి ఆమె వయసు 21. ఆరేళ్ల ముందు, 14 ఏళ్లప్పుడే, అంతల్యాలో జరిగిన జూనియర్, యూత్ ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచిన అమ్మాయి, ఇప్పుడు చెయ్యి పైకెత్తడం మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కామన్వెల్త్ క్రీడలు, ఆసియా క్రీడలు, ఢిల్లీలోనే జరిగిన ప్రపంచ పోటీలు మూడూ ఆమె లేకుండానే అయిపోయాయి.

మనకు గుర్తున్నది మాత్రం 2022 మే 19. ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయిన రోజు. తర్వాత బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్. తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఇందులో ఆమెకు దక్కకూడనిది ఒక్కటీ లేదు. కాని ఒక క్రీడాకారిణికి చేయూత అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది పతకం మెడలో పడ్డ రోజున కాదు, చెయ్యి పట్టీలో వేలాడుతున్న రోజుల్లో. నిజామాబాద్ నుంచి, బోధన్ నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి ఆటల్లోకి వస్తున్న పిల్లల గురించి మాట్లాడాలంటే 2022 నుంచి కాదు, 2017 నుంచి మొదలుపెట్టాలి.

భుజం శస్త్రచికిత్స తర్వాత మొదటి వారాలు చెయ్యి కదిలించనివ్వరు. ఆ తర్వాత నడుం వంచి, చేతిని కిందికి వేలాడదీసి మెల్లగా ఊపమంటారు. ఆపైన గోడ మీద వేళ్లను పాకించడం. ఇవాళ భుజం ఎత్తు, పది రోజులకు గడ్డం ఎత్తు, ఇంకో పది రోజులకు చెవి దాకా. తర్వాత కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి లాగడం. పంచ్ విసిరే మాట నెలల తర్వాతే. మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగితే లెక్క ఇంకా పెద్దది. తొమ్మిది నెలలు నిండకుండా మైదానంలోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. వయసు తక్కువైన కొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. కుర్రతనంలో ఒంటికి తొందర ఎక్కువ, లిగమెంటుకు మాత్రం తొందర ఉండదు. కొత్త లిగమెంటుగా అతికించిన టెండన్ నిజంగా లిగమెంటులా గట్టిపడటానికి నెప్పి పోయాక కూడా చాలా నెలలు పడుతుంది. పిల్లవాడు పరుగెత్తగలుగుతున్నాడంటే మానిపోయినట్టు కాదన్నమాట. ఇంట్లోవాళ్లకైనా, కోచ్‌కైనా ఇది అర్థం చేయించడమే అన్నిటికన్నా కష్టం.

ఈ నెలలన్నీ ఓపిక పట్టాలి అంటాం. ఓపిక అనగానే అదేదో మనసుకు సంబంధించిన గుణం అనుకుంటాం. నా దృష్టిలో అది మొదట ఒక ఖర్చు. ఫిజియోకు, పోషకాహారానికి, హైదరాబాద్‌కు పోయివచ్చే బస్సు చార్జీలకు, ఆ ఏడాది ఏ సంపాదనా లేకుండా ఇంట్లో ఒక మనిషిని నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు. దాన్ని ఎవరు భరిస్తారన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు తిరుగులేని జవాబు చెప్పుకున్న ఆట ఒకటుంది. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. మన దగ్గర చూసేవాళ్లు తక్కువ. క్రికెట్ మైదానమంత అండాకారపు నేల మీద జట్టుకు 18 మంది. బంతి కోసం అవతలివాడి భుజాల మీదికి మోకాలు పెట్టి మరీ ఎగురుతారు. దిగేటప్పుడు ఒంటికాలి మీద పడతారు, పడుతూనే దిశ మార్చి పరుగెత్తుతారు. మోకాళ్లకు ఇంతకన్నా కఠిన పరీక్ష పెట్టే ఆటలు ఎక్కువ లేవు. అక్కడి వృత్తి క్లబ్బులు కుర్రాళ్లను డ్రాఫ్ట్ పద్ధతిలో 18 ఏళ్లకే ఎంచుకుంటాయి. అంటే ఎముకలు పూర్తిగా గట్టిపడకముందే. ఇలాంటి ఆటలో గాయాన్ని అనుకోని ఆపదగా చూస్తే క్లబ్బు నడవదు. అందుకే దీర్ఘకాలం ఆడలేని ఆటగాడిని వేరే జాబితాలో పెట్టి, అతని స్థానంలో మరొకరిని ఆడించుకునే వీలు పెట్టుకున్నారు. గాయపడ్డవాడి జీతం ఆగదు. చికిత్స క్లబ్బు బాధ్యత.

అంతకన్నా ముఖ్యమైన పని ఇంకొకటి చేశారు. ఎవరికి ఏ గాయమైంది, దానివల్ల ఎన్ని మ్యాచ్‌లు పోయాయి అన్న లెక్కను 1992 నుంచి ఏటా రాసి పెడుతున్నారు. 2017లో మహిళల లీగ్ మొదలైనప్పుడు ఏసీఎల్ గాయాలు పురుషులకన్నా ఆడపిల్లల్లో ఎన్నో రెట్లు ఎక్కువని వెంటనే బయటపడటానికి కారణం ఈ అలవాటే. లెక్క ఉంది కాబట్టి లోపం కనిపించింది. కనిపించింది కాబట్టి దూకి దిగే తీరు, తొడ కండరాల బలం మీద శిక్షణ మార్చుకోవాలన్న చర్చ వచ్చింది. మన జిల్లాల్లో ఏ క్రీడాధికారి దగ్గరైనా ఎంతమంది పతకాలు తెచ్చారన్న జాబితా దొరుకుతుంది. ఎంతమంది గాయంతో ఆట మానేశారన్న జాబితా కూడా ఉండాలి.

అక్కడి ఓపిక ప్రతిసారీ ఫలించిందని కాదు. సిడ్నీ స్వాన్స్ ఆటగాడు అలెక్స్ జాన్సన్ 20 ఏళ్లకే 2012 గ్రాండ్ ఫైనల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాది ఆట మొదలుకాకముందే మోకాలు పోయింది. ఒకదాని వెంట ఒకటి ఐదు లిగమెంటు శస్త్రచికిత్సలు. దాదాపు ఆరేళ్ల తర్వాత, 2018 ఆగస్టులో మళ్లీ మైదానంలోకి వచ్చాడు. రెండో మ్యాచ్‌లోనే రెండో మోకాలు తెగింది. అన్నేళ్లు అతన్ని నిలబెట్టుకున్న క్లబ్బు చేసింది దండగ పని అని నేననను. ఆ క్లబ్బులోకి కొత్తగా వచ్చిన ప్రతి కుర్రవాడూ ఆ ఆరేళ్లు కళ్లారా చూశాడు. నాకు దెబ్బ తగిలితే వీళ్లు నన్ను విడిచిపెట్టరు అనుకున్నవాడు గాయాన్ని దాచిపెట్టుకోడు. దాచకపోవడంలోనే సగం చికిత్స ఉంది.

మన పిల్లలు దాచుకుంటారు. ఇది నిజామాబాద్ జిల్లాలో ఏ మైదానం అంచున నిలబడ్డా తెలుస్తుంది. మోకాలికి బిగుతుగా నీక్యాప్ తొడుక్కుని, కుంటడం కనబడకుండా అడుగులు కొలిచి వేసే కుర్రాడు ఏదో ఒక మూల ఉంటాడు. ఎంపికలు దగ్గరపడ్డప్పుడు నెప్పి అని చెబితే పేరు కొట్టేస్తారని భయం. ఇంట్లో చెబితే ఇంకో భయం. ముందు పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తారు. తగ్గకపోతే కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకుపోతారు. ఎముక విరుపుకు కట్టు కట్టడంలో మనవాళ్లకు తరాల నైపుణ్యం ఉంది, పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాడు లేడు. కాని తెగిన లిగమెంటు కట్టుకు అతకదు. వాపు దిగుతుంది, పిల్లవాడు మళ్లీ దూకుతాడు, ఈసారి మోకాలిలో మృదులాస్థి కూడా చిరుగుతుంది. అప్పుడు చుట్టాలు అనే మాట ఒకటే: "ఉన్న కాళ్లు సక్కగుంటే సాలు బిడ్డా, గీ ఆటలు బంజేయ్." వాళ్లు ప్రేమతోనే అంటారు. లక్ష దాటే ఆపరేషన్, ఆపైన నెలల తరబడి ఫిజియో, ఆ తర్వాతా ఉద్యోగం వస్తుందన్న భరోసా లేదు. అన్నీ చూసినవాళ్లు అంతకన్నా ఏమంటారు?

బోధన్ రైతులకు ఈ లెక్క చెప్పక్కరలేదు. చెరకు పది పన్నెండు నెలల పంట. అన్ని నెలలు చేను మీద పెట్టుబడి పెట్టి కూర్చోవాలంటే, నరికిన రోజున తూకం వేసుకునే ఫ్యాక్టరీ ఉండాలి. 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ దశాబ్దాల పాటు శక్కర్‌నగర్‌లో ఆ పూచీగా నిలబడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో దానికి పేరు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లాకౌట్ పడింది. ఆ తర్వాత ఎందరో రైతులు చెరకు వదిలి వరికి మళ్లారు. వాళ్లకు ఓపిక సన్నగిల్లి కాదు, ఏడాది పంటకు పూచీ ఇచ్చే సంస్థ లేక. గాయపడ్డ క్రీడాకారుల విషయంలో జరుగుతున్నదీ అచ్చం ఇదే. కుటుంబాలకు ఓపిక లేదని మనం తప్పు పట్టలేం, ఆ ఓపికకు పూచీ పడే సంస్థ లేదు.

నిఖత్‌కు మొదట పూచీ పడింది ఇల్లే. తండ్రి జమీల్ అహ్మద్ తానూ ఆటగాడే. సౌదీలో సేల్స్ ఉద్యోగం చేసి, పిల్లల చదువులు, ఆటల కోసం నిజామాబాద్ తిరిగొచ్చారు. ఈ జిల్లాలో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. ఆ డబ్బుతో ఇళ్లు కట్టారు, పెళ్లిళ్లు చేశారు, కొందరు పిల్లల ఆటనూ నిలబెట్టారు. తర్వాత విశాఖలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ దొరికింది. కాని నెలజీతం ఇచ్చే ఉద్యోగం, బ్యాంక్ ఆఫ్ ఇండియాలో, 2021లో వచ్చింది. గాయానికీ ఆ ఉద్యోగానికీ మధ్య నాలుగేళ్లు ఉన్నాయి. ఆ నాలుగేళ్లను దాటించగల తండ్రి అందరికీ ఉండడు.

అదే ఊరు, అదే శిక్షణ పరంపర, ఇంకో దారి చూడండి. నిఖత్‌కు నిజామాబాద్‌లో తొలి పాఠాలు చెప్పిన సంసాముద్దీన్ కొడుకు మహ్మద్ హుసాముద్దీన్. సైన్యంలో ఉన్నాడు. 2018లో, 2022లో కామన్వెల్త్ కాంస్యాలు గెలిచాడు. 2023 మే నెలలో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్ గెలిచి పతకం ఖాయం చేసుకున్నాడు. ఆ బౌట్‌లోనే మోకాలికి దెబ్బ తగిలింది. క్యూబా బాక్సర్ సైదెల్ హోర్తాతో సెమీఫైనల్‌కు దిగకుండా తప్పుకోవాల్సి వచ్చింది. ప్రపంచ ఫైనల్‌కు ఒక్క బౌట్ దూరంలో ఉన్న మనిషిని ఆపడం తేలిక కాదు. కాంస్యంతో తిరిగి రావడమే ఆ రోజు సరైన పని. ఆ నిర్ణయం ఆటగాడొక్కడి మీదే వదిలేస్తే నూటికి తొంభై మంది రింగ్‌లోకే దిగుతారు. పక్కన వైద్యబృందం ఉంది కాబట్టి, తిరిగొస్తే సైన్యంలో ఉద్యోగం ఉంది కాబట్టి ఆగడానికి వీలైంది. జిల్లాస్థాయి పోటీల్లో అదే మోకాలు వాచిన పదహారేళ్ల పిల్లవాడిని ఆపే డాక్టర్ రింగ్ పక్కన ఉంటున్నారా?

దెబ్బ తగిలాక ఎన్నేళ్లు పట్టొచ్చో తెలియాలంటే బ్యాడ్మింటన్‌లో పుల్లెల గోపీచంద్ ఉన్నారు. 1994 పుణె జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంటు తెగింది. ఆల్ ఇంగ్లండ్ టైటిల్ వచ్చింది 2001లో. మధ్య ఏడేళ్లు, ఒకటికన్నా ఎక్కువ శస్త్రచికిత్సలు. అదే ఆటలో పి.వి. సింధు 2015లో పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో నెలల పాటు ఆటకు దూరమై, మరుసటి ఏడాది రియోలో రజతం గెలిచింది. ఈ కథలు మనకు కంఠస్థం. కాని వీటిని మనం పట్టుదల కథలుగానే చెప్పుకుంటున్నాం, వెనక ఉన్న అకాడమీని, వైద్యుణ్ని, ఇంటి ఆదాయాన్ని చెప్పడం లేదు. విన్న పిల్లవాడికి పట్టుదల ఒక్కటే చాలేమో అనిపిస్తుంది. చాలక కుప్పకూలితే తప్పు తనదే అనుకుంటాడు.

చూసేవాళ్ల తొందర ఇంకో బరువు. 2019లో ఒలింపిక్ అర్హత పోటీల కోసం మేరీ కోమ్‌తో ట్రయల్స్ పెట్టమని నిఖత్ అడిగినందుకు ఎన్ని మాటలు పడింది! ట్రయల్స్‌లో 9-1తో ఓడినప్పుడు ఇక అయిపోయిందన్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్ ప్రీక్వార్టర్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడినప్పుడు మళ్లీ అదే మాట. ఆ వూ యూ ఆ పోటీల్లోనే స్వర్ణం గెలిచింది. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం నిఖత్ మెడలో పడింది. ప్రతి ఓటమికీ జీవితం మొత్తం మీద తీర్పు చెప్పే అలవాటు మన పత్రికలకూ ఉంది, అభిమానులకూ ఉంది.

ఇక చేయాల్సింది. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు నెలకు పది వేల రూపాయల భత్యం ఉంది, మంచి పథకం. కాని ప్రదర్శన సమీక్షలో వెనకబడినవాళ్లను జాబితా నుంచి తప్పిస్తారు. గాయపడి చికిత్సలో ఉన్నవారిని ఆ సమీక్ష నుంచి కనీసం ఏడాది మినహాయించాలి, భత్యం ఆగకూడదు. రాష్ట్రం 2025లో కొత్త క్రీడా విధానం తెచ్చింది, క్రీడా విశ్వవిద్యాలయం పెడుతోంది. హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి నుంచే పిల్లలను చేర్చుకుంటున్నారు. తొమ్మిదేళ్ల పిల్లను ఇంటి నుంచి తీసుకుపోయిన ప్రభుత్వం, పదిహేనేళ్లకు ఆ పిల్ల మోకాలు తెగితే తనే బాగుచేయించి, చదువు ఆగకుండా చూస్తానని రాతపూర్వకంగా చెప్పాలి. నిజామాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, పెద్దాసుపత్రి ఉంది. వారంలో ఒక రోజు క్రీడాగాయాల ఓపీ, ఇద్దరు ఫిజియోలు, ఒక ఎమ్మారై తేదీ. కొత్త భవనాలేమీ అక్కర్లేదు. జిల్లా క్రీడాధికారి దగ్గర ఒక గాయాల రిజిస్టర్ తెరవడానికి అయ్యే ఖర్చు ఒక పుస్తకం, ఒక పెన్ను.

ఆడపిల్లల ఫుట్‌బాల్ విషయంలో గాయాల జాగ్రత్త ఇప్పుడే మొదలవ్వాలి. ఈ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య జాతీయ జట్టు ఫార్వర్డ్. 2025 జులైలో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి, ఆస్ట్రేలియా వేదికైన 2026 ఆసియా కప్‌కు మన మహిళల జట్టు అర్హత సాధించింది. సౌమ్యను చూసి తండాల్లో అమ్మాయిలు బూట్లు కట్టుకుంటున్నారు. మోకాళ్లకు ఎక్కువ ప్రమాదం ఉన్నది ఆడపిల్లలకే అని ఆస్ట్రేలియా లెక్కలు ముందే చెప్పాయి. ప్రతి శిక్షణకూ ముందు పావుగంట సేపు దూకి సరిగ్గా దిగడం, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం నేర్పిస్తే ఈ గాయాలు గణనీయంగా తగ్గుతాయని తేలింది. దీనికి పరికరాలు అక్కర్లేదు, కోచ్‌లకు రెండు రోజుల శిక్షణ చాలు. వచ్చే వేసవి శిబిరాలు మొదలయ్యేలోపు జిల్లా క్రీడాశాఖ ఆ రెండు రోజులు కేటాయించాలి.