మట్టితో పాటు కాయ రాలిపోకూడదు

శనక్కాయలు జల్లించే రైతుకు ఒక సంగతి తెలుసు. జల్లెడ కళ్లు పెద్దవైతే మట్టితో పాటు సన్నకాయా రాలిపోతుంది. చిన్నవైతే మట్టిగడ్డలు కాయల్లోనే వుండిపోతాయి. ఈమెయిల్‌కు వచ్చే చెత్త ఉత్తరాలను, అంటే స్పామ్‌ను ఆపే జల్లెడకూ ఇదే న్యాయం.

ఈ జల్లెడ ప్రతి ఉత్తరానికీ మార్కులు వేస్తుంది. మొత్తం ఒక హద్దు దాటితే అది స్పామ్ కింద లెక్క. స్పామ్‌అసాసిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ హద్దు మామూలుగా 5. బెడద భరించలేక దానిని 2కో 3కో దించితే చెత్త తగ్గే మాట నిజమే. కాని సబ్జెక్టు రాయని ఉత్తరానికి, సబ్జెక్టు అంతా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొట్టిన ఉత్తరానికి కూడా మార్కులు పడతాయి. నెట్ సెంటర్‌లో హడావుడిగా పంపే దరఖాస్తులు కొన్ని ఇలాంటివే కావచ్చు. అంటే హద్దు దించితే ముందుగా రాలిపోయేది పల్లె నిరుద్యోగి దరఖాస్తే.

అవతలి వైపూ ఇదే కష్టం. కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. ఆ ఇంటి పిల్లవాడికి వచ్చిన ఇంటర్వ్యూ పిలుపు జీమెయిల్‌లో స్పామ్ పెట్టెలో పడితే 30 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. తిరిగొచ్చి చూసుకునే సరికి ఉత్తరమూ వుండదు, ఉద్యోగమూ వుండదు.

దీనికి మందు వైట్‌లిస్ట్, అంటే నమ్మకస్తుల జాబితా. విశ్వవిద్యాలయం, పరీక్షల బోర్డు, ఖజానా వంటి వాటి చిరునామాలు అందులో చేర్చాలి. అలాగని జీమెయిల్ చిరునామాలన్నిటినీ చేరిస్తే తలుపు బార్లా తెరిచినట్టే. పంపినవారి పేరు దొంగది పెట్టడం మోసగాళ్లకు కష్టం కాదు కనుక, జాబితాలో వున్న చిరునామా నుంచి వచ్చినా డబ్బు, ఓటీపీ అడిగే ఉత్తరాన్ని నమ్మరాదు.

కర్నూలు, కడప జిల్లాల్లోని కళాశాలలు, కార్యాలయాలు హద్దును అడ్డగోలుగా దించరాదు. అనుమానపు ఉత్తరాలను చెరిపివేయక విడిగా వుంచి, రోజుకొకసారి ఒక గుమాస్తా చేత చూపించాలి. ముఖ్యమైన పిలుపులను ఫోను ద్వారా కూడా తెలపాలి. నెట్ సెంటర్ల వారు దరఖాస్తుకు సబ్జెక్టు రాసి పంపి, స్పామ్ పెట్టె కూడా చూసుకోమని కుర్రవాళ్లకు చెప్పాలి. చెత్త నాలుగు ఉత్తరాలు ఎక్కువ వస్తే పోయేది కాస్త ఓపికే. మంచి ఉత్తరం ఒక్కటి పోతే ఒక కుటుంబం మళ్లీ వలస బండి ఎక్కవలసి వస్తుంది. సంబంధిత అధికారులు ఈ విషయమై దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా వుంది.