సరిహద్దు లెరుగని చికిత్స

సత్యవేడు వారికి సరిహద్దన నేమో చెప్ప నక్కరలేదు. చెంగల్పట్టు జిల్లాలో నుండిన ఆ ప్రాంతము పటాస్కరు తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రమున చేరినది. గీత మారినది గాని రోగి త్రోవ మారలేదు. జబ్బు ముదిరినచో నేటికిని చెన్నపట్టణమునకు బయలుదేరువారు కలరు. వైద్యుడే రాష్ట్రమువాడని అడుగువారు లేరు.

రోగి దాటు గీతను వైద్యుడు దాటబూనినపుడు మాత్రము రాజ్యములు సందేహించు నేల? డిసెంబరు 9వ తేదీ, డాక్టరు ద్వారకానాథ కోట్నీసు వర్ధంతి, వచ్చినపుడెల్ల మాకీ ప్రశ్న తోచుచుండును. తెలుగు సాలెవారు వేలకొలదిగా నివసించు షోలాపురమున 1910లో ఈ మహారాష్ట్రుడు జన్మించెను. జపాను సేనలు చైనాను ధ్వంసము చేయుచుండగా, సేనాని ఛూటే నెహ్రూ పండితుని కోరినమీదట 1938లో కాంగ్రెసు పంపిన ఐదుగురు వైద్యులలో నీతడొకడు. అటల్, చోల్కర్, బసు, ముఖర్జీ తక్కినవారు. సుభాసబాబు అప్పటి అధ్యక్షుడు. కాంగ్రెసుకు ఖజానా లేదు, దేశమునకు స్వాతంత్ర్యమే లేదు, చందాలెత్తి పంపిరి.

1940లో నొకప్పుడు కోట్నీసు 72 గంటలు నిద్రలేక శస్త్రచికిత్స లొనర్చెనని చెప్పుదురు. పిమ్మట బెత్యూన్ శాంతి వైద్యశాలకు అధ్యక్షుడయ్యెను. ఆ బెత్యూన్ కెనడా దేశీయుడు. శస్త్రచికిత్సలో వ్రేలు తెగి, రక్తము విషమై 1939లో గతించెను. కెనడావాని పేర వెలసిన వైద్యశాలలో భారతీయుడు చీనా క్షతగాత్రులకు కట్లు కట్టుచుండెను! 1942లో, 32వ యేట, మూర్ఛరోగమున కోట్నీసు అచ్చటనే కన్నుమూసెను. ఆయన కథ 1946లో చలనచిత్రముగా వచ్చినది. చూచి కన్నీరు విడుచుట సులభమే.

2015 అక్టోబరు 3వ తేదీన ఆఫ్గనిస్థానమందలి కుందూజులో, 'సరిహద్దులు లేని వైద్యులు' నడపు ఆసుపత్రిపై అమెరికా విమానము కాల్పులు జరిపి 42 మందిని బలిగొన్నది. ఆసుపత్రి యెచ్చట నున్నదో ముందే తెలిపి యుండిరి. ఆసుపత్రులను కాపాడవలెనని 2016లో భద్రతామండలి 2286వ తీర్మానము చేసినది. తరువాతను ఉక్రెయినులో, గాజాలో, సూడానులో దాడులు జరిగినవి.

2023లో మన ప్రభుత్వము తుర్కీ భూకంపపీడితులకు సైనిక వైద్యశాలను పంపినది, మేము హర్షించితిమి. కాని భూకంపమునకు పక్షములు లేవు. యుద్ధమున గాయపడినవాని యెడలనే పక్షములు లెక్కకు వచ్చుచున్నవి. ఆసుపత్రిని కూల్చినది మిత్రుడైనను శత్రువైనను మన ప్రతినిధులు ఒకే మాట చెప్పవలెను. అట్టి చోటికి పోగోరు ప్రభుత్వ వైద్యునకు సెలవిచ్చి, తిరిగి వచ్చువరకు వాని ఉద్యోగమును భద్రముగా నుంచవలెను.