వైర్‌లెస్ సెన్సార్ల పరీక్ష పైరు ఎదిగాకే జరగాలి

నేల తేమను కొలిచే వైర్‌లెస్ సెన్సార్లను మొక్కజొన్న విత్తిన తొలిరోజులలో అమర్చి, సంకేతాలు అందుతున్నాయని తృప్తిపడటం తగదు. పైరు ఎదిగేకొద్దీ ఆకులలోని నీరు రేడియో తరంగాలను శోషిస్తుంది; ఆకులు, కాండాలు వాటిని చెదరగొడతాయి. 865 మెగాహెర్ట్జ్ కంటే 2.4 గిగాహెర్ట్జ్ వద్ద ఈ నష్టం అధికం. నీటి ఎద్దడిని పంట తట్టుకోలేని పూత దశలోనే సమాచారం నిలిచిపోతే ఆ పరికరం నిష్ప్రయోజనం.

ఆకుల వల్ల కలిగే నష్టాన్ని అంచనా వేసే వైస్‌బర్గర్ నమూనా (1982) సమశీతోష్ణ ప్రాంతాలలోని దట్టమైన, తడిలేని చెట్లకు ఉద్దేశించినది. తడిసిన మొక్కజొన్న చేనుకు దానిని యథాతథంగా అన్వయించరాదు. యాంటెన్నాలను పైరు గరిష్ఠ ఎత్తుకు పైన నిలపాలి. పరస్పర జోక్యం తగ్గేలా సెన్సార్ల ప్రసార సమయాలను వేరుచేయాలి. ఏ పంట దశలో, ఏ ఎత్తులో పరీక్షించారో తెలపని సిఫారసు రైతుకు చేరరాదు.