వీధి మూలలో పుట్టే ఆలోచన

గత సంచికలో ఈ శీర్షిక క్రింద ఇంధన పొదుపును గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం యంత్రాలను కొంతసేపు ప్రక్కన ఉంచి, వీధులను గురించి ఆలోచిద్దాము. నూతన ఆవిష్కరణలు ప్రయోగశాలలలో పుడతాయని మనమందరమూ నమ్ముతాము. కాని ఆ ప్రయోగశాల ఎక్కడ ఉన్నది, దాని ముందు ఏ వీధి పోతున్నది, ఆ వీధిలో ఎవరికి ఎవరు ఎదురుపడతారు అన్నవి కూడ ఆవిష్కరణను నిర్ణయించే అంశాలేనని మా అనుభవం.

మేము డిజైన్ ఆఫీసులో చేరిన కొత్తలో, ఆఫీసుకూ వర్క్‌షాపుకూ నడుమ ఒక రేకుల షెడ్డు, అందులో ఒక టీ కొట్టు ఉండేవి. ఆ రోజులలో ఒక పంపు గ్లాండు నెలకొకసారి కారుతూ మమ్మల్ని వేధించేది. కాగితం మీద మా లెక్కలన్నీ సరిగానే ఉన్నవి. ఒక సాయంత్రం టీ తాగుతూ ఒక పెద్ద ఫిట్టరు, “వెనకవైపు నట్టుకు స్పానరు తిరగదు సార్. ముందువైపే బిగిస్తున్నాం. గ్లాండు ఒకవైపుకు వాలిపోతోంది” అన్నారు. మరునాడే డ్రాయింగులో ఒక బ్రాకెట్టు స్థానాన్ని మార్చాము. కారడం ఆగింది.

కొన్నేళ్లకు ఆఫీసు కొత్త భవనానికి తరలింది. అధికారులకొక క్యాంటీను, కార్మికులకొక క్యాంటీను, నడుమ ఒక గోడ వచ్చాయి. షెడ్డును తొలగించారు. అటుపిమ్మట అటువంటి మాట ఒకటి మా బల్ల వరకు రావడానికి మూడు సంతకాలు అవసరమయ్యాయి.

ఒక ఆవరణకు వర్తించే ఈ సత్యం మహానగరానికీ వర్తిస్తుందనడానికి స్పెయిన్ దేశంలోని బార్సిలోనా మంచి ఉదాహరణ. 1859లో ఆమోదం పొందిన ఆ నగర విస్తరణ ప్రణాళికను రచించిన ఇల్దెఫోన్స్ సెర్దా మన వృత్తివారే, సివిల్ ఇంజనీరు. సుమారు 113 మీటర్ల భుజం గల చదరాలుగా ఆయన నగరాన్ని విభజించి, 20 మీటర్ల వెడల్పున వీధులు వేసి, ప్రతి చదరపు మూలలను ఏటవాలుగా కోశారు. అందువలన ప్రతి కూడలీ ఒక చిన్న మైదానమంత విశాలమైనది. బండ్లు సులువుగా మలుపు తిరగడానికి చేసిన ఈ ఏర్పాటు మనుషులు నిలబడి మాట్లాడుకొనడానికి కూడ పనికివచ్చింది.

ఆ నగరంలోనే సముద్రతీరాన ఉన్న పోబ్లెనౌ పేట 19వ శతాబ్దంలో బట్టల మిల్లులకు నిలయం. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో మిల్లులు మూతపడి, పేట బోసిపోయింది. భూవినియోగ నిబంధనలలో ఆ పేట గుర్తు ‘22 ఎ’. అంటే అక్కడ పరిశ్రమ తప్ప మరేదీ ఉండరాదు. 2000లో నగరపాలక సంస్థ ఆ నిబంధనను మార్చింది. ‘ఎ’ అక్షరం స్థానంలో ఈ-మెయిలు చిరునామాలలో వాడే గుర్తును ఉంచి, సుమారు 200 హెక్టార్లలో పరిశోధన సంస్థలు, కొత్త కంపెనీలు, విద్యాలయాలు, నివాసాలు, ఉద్యానాలు కలిసి ఉండడానికి అనుమతించింది. స్థల యజమానులకు అదనపు కట్టడపు హక్కు ఇచ్చి, బదులుగా భూమిలో కొంత భాగాన్ని ప్రజావసరాలకు తీసుకొన్నది. కా లరన్యో అనే పాత మిల్లు ఆవరణలో నేడు పోంపెవు ఫాబ్రా విశ్వవిద్యాలయపు ప్రాంగణం ఉన్నది.

అయితే ఈ కథకు మరొక ముఖం కూడ ఉన్నది. అదే పేటలో కాన్ రికార్ట్ అనే పాత కర్మాగారంలోని చిన్న వర్క్‌షాపులవారు, కళాకారులు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు స్థానికులు గట్టిగా ప్రతిఘటించారు. వారి ఆందోళన సహేతుకమే. కొత్త ప్రయత్నానికి మొదట కావలసినది తక్కువ అద్దె. మెరిసే కొత్త భవనపు అద్దెను నిలదొక్కుకొన్న సంస్థ భరించగలదు గాని, ఇంకా ఫలించని ఆలోచన భరించలేదు. పాత భవనాలను పూర్తిగా తుడిచివేసిన నగరం తన భవిష్యత్తును కూడ కొంత తుడిచివేసుకొంటుందని జేన్ జేకబ్స్ వంటివారు 1960ల నాటినుండి హెచ్చరిస్తూనే ఉన్నారు.

ఇక మన సంగతి. మన టౌన్‌షిప్పులలో విశాలమైన రోడ్లు, చెట్లు, నీరు, పాఠశాల ఉన్నాయి, అందుకు గర్వించవలసిందే. కాని క్వార్టర్లను హోదాను బట్టి వరుసలుగా కట్టుకొన్నాము. ఒక వరుసవారికి మరొక వరుసకు వెళ్లే పని సాధారణంగా పడదు. ప్లాంటుకు భద్రత దృష్ట్యా గోడ తప్పదు. గోడలోపల మరొక గోడ అవసరమా? అందరూ కలిసి కూర్చొనే క్యాంటీనుకు అదనపు వ్యయం కూడ లేదు. ఒక పాత షెడ్డు ఖాళీ అయినప్పుడు, కూల్చివేతకు టెండరు పిలిచే ముందు, ఒక లేతు, రెండు బెంచీలతో దానిని అప్రెంటిసులకూ, ఉత్సాహం గల పిల్లలకూ అప్పగించి చూడవచ్చును గదా!

మీ ఆవరణలో భిన్న శాఖలవారు సహజంగా కలుసుకొనే చోటు ఏది? అది ఎప్పుడైనా ఒక చిక్కును విప్పినదా? పాఠకులు వ్రాసి పంపితే వచ్చే సంచికలలో ప్రకటిస్తాము. ఆ ఫిట్టరుగారు పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. వారి స్థానంలో నేడు పనిచేస్తున్న యువకునికి కూడ మాకు చెప్పవలసిన మాట ఏదో ఉండే ఉంటుంది. అది చెప్పడానికి అతడు మాకు ఎక్కడ ఎదురుపడాలో మాత్రం మనమే నిర్ణయించవలసి ఉన్నది.