అమ్మమ్మ పాటకు అంగుళం ఫోము చాల్లేదు!

కంటి ఆపరేషన్ కోసం అమ్మమ్మ హైదరాబాద్ వచ్చి మా ఫ్లాట్‌లో మూడు వారాలుంది. ఆవిడకు దంపుళ్ల పాటలు చాలా వచ్చు. ‘వచ్చు’ అని ఇప్పుడు గట్టిగా అనలేను. ఈమధ్య మూడో చరణం దగ్గర ఆగిపోయి ‘‘తర్వాతేంట్రా?’’ అని నన్నే అడుగుతోంది. నాకేం తెలుసు! అందుకే ఊరెళ్లేలోపు అన్నీ రికార్డు చేసేయాలనుకున్నా.

మైకుంది, ల్యాప్‌టాపుంది, పదడుగులకు పదడుగుల గది ఉంది. ఇంకేం కావాలి? మొదటి టేక్ వింటే అమ్మమ్మ బాత్రూంలో కూర్చుని పాడుతున్నట్టుంది. ‘‘నా గొంతు ఇలా అయిపోయిందేంట్రా?’’ అని ఆవిడ చిన్నబుచ్చుకుంది. ఆ తర్వాత రెండ్రోజులు ఎంత బతిమాలినా పాడలేదు.

తప్పు గొంతుది కాదు, గదిది. ఆ మాట నిరూపించాలి కదా! వెంటనే ఆన్‌లైన్‌లో నల్ల ఫోము పలకలు ఆర్డర్ పెట్టా. యూట్యూబర్ల వెనకాల గోడకు కనిపిస్తాయే, అవే. అంగుళం మందం. అంటించాక గది స్టూడియోలా మెరిసిపోయింది. గొంతు మాత్రం డబ్బాలోంచి వచ్చినట్టుంది. పక్కింటి కుక్కర్ విజిల్ ఎప్పట్లాగే వినిపిస్తోంది.

అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది, నేను రెండు వేర్వేరు పనుల్ని ఒకటే అనుకున్నానని. బయటి శబ్దాన్ని ఆపాలంటే బరువైన గోడలు, సందుల్లేని తలుపులు కావాలి. ఫోము ఆ పని చేయదు. గదిలో పుట్టిన శబ్దం గోడకు కొట్టుకుని మళ్లీ మైకులో పడకుండా పీల్చేయడం ఇంకో పని. అకౌస్టిక్ ట్రీట్‌మెంట్ అంటే అదీ.

దానికి మందం కావాలి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే 200 హెర్ట్జ్ శబ్దానికి ఒక్కో తరంగం పొడవు 1.7 మీటర్లు. అంగుళం ఫోము దానికి లెక్కే కాదు. ‘స’, ‘ష’ లాంటి పదునైన శబ్దాల్ని మాత్రం మింగేస్తుంది. అందుకే ఆ డబ్బా గొంతు. గుడ్ల అట్టలైతే ఇంకా దండగ.

ఈ లెక్కలకు దారి వేసింది హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పిన వాలెస్ సాబిన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో మాటలు అర్థం కావట్లేదంటే ఆ పని ఆయనకు అప్పగించారు. ఆయన శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు తెప్పించి, హాల్లో వాటిని పెంచుకుంటూ పోయాడు. రాత్రిళ్లు ఆర్గన్ పైపు మోగించి, శబ్దం ఎన్ని సెకన్లకు అణుగుతుందో కొలిచాడు.

మెత్తలు! అది చదవగానే మంచం కిందికి చూశా. పాత చీరలతో అమ్మమ్మే కుట్టి పంపిన బొంతలు నాలుగున్నాయి.

రెండింటిని మడతేసి, బట్టల స్టాండు మీద అమ్మమ్మ వెనక వేలాడదీశా. మైకు ఆవిడ వైపే చూస్తుంది కాబట్టి ముందు ఆ వెనక గోడ సంగతి చూడాలి. గోడకు ఆనించకుండా జానెడు ఎడం వదిలా. గోడను ఆనుకున్న చోట గాలి దాదాపు కదలదు, కాస్త ఇవతలకి జరిగితే బొంత ఎక్కువ శబ్దాన్ని పట్టుకుంటుంది. మూడోది పక్కన, నాలుగోది నేల మీద. చప్పట్లు కొట్టి చూశా. ఇంతకుముందు ‘ట్రింగ్’మన్న గది ఈసారి ‘టప్’మని ఊరుకుంది.

కుక్కర్లు మోగకముందే, తెల్లారి ఐదింటికి ఫ్యాన్ ఆపి రికార్డు చేశా. ‘‘చెమటలు కారిపోతున్నాయిరా నాన్నా’’ అంటూనే పాడింది. హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించా. కాసేపు కళ్లు మూసుకుని వింది. ‘‘ఆ... ఇది నేనే’’ అంది.

మొత్తం పదకొండు పాటలొచ్చాయి. రెండు సగంలోనే ఆగిపోయాయి, ఎంత ఆలోచించినా ఆవిడకు గుర్తురాలేదు. పోయినేడాదే అడిగుంటే వచ్చేవేమో.

మీ ఇంట్లోనూ ఇలాంటి గొంతుంటే ఫోము కోసం వెతుకుతూ కూర్చోకండి. బొంతలు బయటికి తీయండి. ఈ ఆదివారమే!