వెండికట్టు లేని పానపాత్ర

జార్జియా దేశపు విందులలో మేకకొమ్ముతోగాని ఎద్దుకొమ్ముతోగాని చేసిన పానపాత్రకు గొప్ప గౌరవము కలదు. దానిని వారు ఖాంత్సి అందురు. అంచునకును కొనకును వెండితొడుగు వేసి, దానిపై నల్లపూత పొదిగి చిత్రములు తీర్చుదురు. అట్టి పాతకొమ్ములు నేడు వస్తుప్రదర్శనశాలలలో గాజుపెట్టెల నలంకరించుచున్నవి. చూచువారు వెండిపనిని మెచ్చుకొని వెడలిపోవుదురు. కాని ఆ పాత్ర మర్మము వెండిలో లేదు. కొమ్ము వంకరలో ఉన్నది. అడుగు లేని పాత్ర గనుక ద్రాక్షాసవము నింపిన తరువాత దానిని బల్లపై నిలుపుటకు వీలులేదు. విందుపెద్దయగు తమదా శుభవాక్యము పలికిన పిమ్మట, చేత పట్టినవాడు తుదిదాక త్రాగవలసినదే.

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదని మనవారును అందురు. వెక్కిరింపుగా పుట్టిన సామెతయే యైనను, పాత్రను బట్టి పానీయము మర్యాద మారునను ఎరుక అందులో లేకపోలేదు.

ఈ సందర్భమున అండమాను దీవుల వాడుక యొకటి పరిశీలింపదగినది. నాటిలస్ అను సముద్రజీవి పెంకును అచ్చటి ఆదివాసులు నీరు త్రాగు పాత్రగా వాడినట్లు, పోర్టుబ్లెయరులో ఉద్యోగించిన ఇ. హెచ్. మాన్ 19వ శతాబ్దిలోనే వ్రాసియుంచెను. వెలుపల గోధుమవన్నె చారలు, లోపల ముత్యపు నిగ్గు. ముందరి పెద్ద గదియే గిన్నె. ఇదే పెంకును 16, 17 శతాబ్దులలో న్యూరెంబర్గు, ఆగ్స్‌బర్గు కంసాలులు పైపొర గీకి మెరుగుపెట్టి, బంగారుపూత వెండిపీఠముపై బిగించి, ప్రభువుల నిధిగృహములకు చేర్చిరి. వానిలో త్రాగినదానికంటె వానిని చూపినదే ఎక్కువ. అండమాను ఆదివాసులకు పూర్వము మద్యము తయారుచేయు వాడుకయే లేదు. వెండి యెరుగని ఆ పెంకులో పోసినది మంచినీరే. ఈ రెండింటిలో పానపాత్ర యన దగినది ఏదియని అడిగినచో నేను రెండవదియే అందును.

లోహమును బట్టి వస్తువునకు విలువ కట్టు ఈ దోషము మన భాషాపరిశోధనలోను కలదు. తాటాకు దొప్ప, విస్తరాకు దొన్నె, ఆనబుర్ర మొదలగు వానికి ‘పాత్రవిశేషము’ అని వ్రాసి నిఘంటుకర్త చేయి కడుగుకొనును. ఏమి విశేషమో చెప్పడు! ఆల్చిప్ప, కొబ్బరిచిప్ప, మోకాటిచిప్ప, బిచ్చగాని చిప్ప — ఒక్క మాట ఇన్ని చోట్ల తిరిగినదన్నచో, గిన్నెకంటె ముందు మనవాని చేత నున్నది ఏదో అది చెప్పకయే చెప్పుచున్నది.

జాప్యమున కలుగు నష్టము అండమానులో కన్నులకు కట్టినది. 2010 జనవరి 26న బోవా సీనియర్ మరణముతో బో భాష మాటలాడువారు లేకపోయిరి. అన్వితా అబ్బి గ్రేట్ అండమానీ నిఘంటువు 2012లో వెలువడుటచే కొంతయైన దక్కినది. నాటిలస్ పెంకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నది. కావున దానిని కొని తెచ్చి దాచుకొందమన్న వీలుకాదు. దాచుకొనదగినవి దాని పేరు, వాడుక.

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన ఆ పోర్టుబ్లెయరున తెలుగు కుటుంబములు అనేకము తరతరములుగా నివసించుచున్నవి. కోస్తా ఊళ్లనుండి వారితో వెళ్లిన గిన్నెల, బుర్రల, చిప్పల పేర్లను మన శాఖ విద్యార్థులు వెంటనే సేకరింపవలెను. పేరు మాత్రమే వ్రాసికొని రాక, దానిని ఏ చేత పట్టుదురో, ఎవరికి ముందు అందింతురో, నేలపై ఎట్లు దింపుదురో కూడ అడిగి రావలెను.