మొలక చెప్పేది వెలుగు జాడ, పిల్ల జాతకం కాదు

శ్రావణంలో దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు తండాలకు వెళ్తే తీజ్ పాటలు వినిపిస్తాయి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోసి, ఆడిపాడి, చివరిరోజు చెరువులోనో వాగులోనో కలుపుతారు. ఆ పాటలతో, ఆటలతో పేచీ లేదు. పేచీ ఒక్క నమ్మకంతోనే: ఎవరి బుట్టలో మొలక ఏపుగా పెరిగితే ఆ పిల్లకు మంచి మొగుడు వస్తాడట!

తండావాళ్ల అమాయకత్వమని పెదవి విరిచే హక్కు మైదానపు కులాలకు లేదు. వాళ్ల పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు చల్లుతారు. యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాల్లో అంకురార్పణ జరుగుతుంది. మొలక రంగు, వంకర చూసి శుభాశుభాలు తేల్చే పద్ధతి ఆగమ గ్రంథాల్లోనూ ఉంది.

మరి మొలక పొడుగు దేన్నిబట్టి? ఒకే సంచిలోని గోధుమలు రెండు గిన్నెల్లో చల్లండి. ఒకటి వాకిట్లో పెట్టి, రెండోదాని మీద వెలుతురు చొరబడకుండా తట్ట బోర్లించండి. వారం తిరిగేసరికి తట్ట కిందివే పొడుగ్గా ఉంటాయి. కానీ పసుపుపచ్చగా, సన్నగా, తాకితే వాలిపోయేలా ఉంటాయి. గింజలో ఉన్న పిండినంతా కరిగించుకుని వెలుతురు కోసం పైకి సాగిన మొలకలవి. పొడుగు అక్కడ బలానికి కాదు, వెలుగు కరువుకు గుర్తు.

వంకర సంగతీ అంతే. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డిమొలకల కొనలకు చిన్న టోపీలు తొడిగి ఒక పక్కనుంచి వెలుతురు పెట్టారు. అవి వంగలేదు. కొన విడిచి కింది భాగం కప్పితే వంగాయి. 1880లో ఈ సంగతులు పుస్తకంగా వచ్చాయి. వెలుగును పసిగట్టేది కొన, వంగేది దాని కింది భాగం. కొననుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోన్ నీడపక్కకు ఎక్కువ చేరుతుంది. అక్కడి కణాలు ఎక్కువ సాగడంతో మొలక వెలుగువైపు తిరుగుతుంది. పక్క మొక్కల నీడనూ మొక్క గుర్తుపడుతుంది. ఆకులు ఎర్రని కాంతిని పీల్చుకుని, మన కంటికి దాదాపు ఆనని దూరపు ఎరుపును వదిలేస్తాయి. ఆ తేడాను ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్ కనిపెడుతుంది.

కాబట్టి బుట్ట చెప్పగలిగేవి ఇవే: విత్తనం ఎలాంటిది, నీళ్లు సరిపోయాయా, వెలుతురు ఏ పక్కనుంచి వచ్చింది. పందిరి మూలన బుట్ట పెట్టిన పిల్లను దురదృష్టవంతురాలనడం అన్యాయం. మొలక ఏపుగా పెరిగిన పిల్లకూ నేర్పేది మంచిది కాదు. నీ అదృష్టమంటే మొగుడే అని! ఆడశిశువుల అమ్మకాలతో దేవరకొండ ప్రాంతం వార్తలకెక్కిన సంగతి మనం మరవలేదు. దానికి తీజ్ కారణం కాదు. పేదరికం, కట్నం కారణాలు. కానీ ఆడపిల్ల విలువను పెళ్లితో కొలిచే చూపు రెండుచోట్లా ఒకటే.

తీజ్ ఆడండి, పాడండి. తండా బడిలో ఆ తొమ్మిది రోజులూ టీచర్లు పిల్లల చేత మొలకలను స్కేలుతో కొలిపించాలి. వాకిట్లోవీ, తట్ట కిందివీ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో అడగాలి. ఆ ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పిన పిల్ల జోస్యానికి తలొగ్గదు. ఆమె చదువు మధ్యలో ఆగకుండా చూడటం తండా పెద్దల పని, మనందరి పని.